ఉద్యోగాల అంగడిలో కొనేదెవరు?

మాదాపూర్‌లో ఓ మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీని ఊహించుకోండి. సోమవారం పొద్దున. నియామకాలు చూసే అమ్మాయి చేతిలో నాలుగు ఖాళీలున్నాయి. శుక్రవారంలోగా ఒక్కోదానికి పదిమందిని మేనేజర్ ముందు కూర్చోబెట్టాలి. కంపెనీ ఇచ్చిన ప్రకటనకు వందల్లో దరఖాస్తులొచ్చి పడ్డాయి. తెరిచి చూస్తే మొదటి పేజీలోనే ఓ సివిల్ ఇంజినీరు, ఫార్మసీ చదివినాయన ఒకరు, ‘డివైస్ డ్రైవర్’ అన్న మాట చూసి బండి నడిపే పనేమో అనుకున్న కుర్రాడు. ఆమె ఆ పేజీ మూసేసి ఇంకోటి తెరిచింది. కంపెనీ డబ్బు కట్టి తీసుకున్న వెతుకులాట పేజీ అది. జావా, స్ప్రింగ్ బూట్, మూడు నుంచి అయిదేళ్ళ అనుభవం, హైదరాబాద్, పదిహేను రోజుల్లో చేరగలిగినవాళ్ళు, గత వారంలో పోర్టల్ తెరిచినవాళ్ళు అని కొట్టింది. జాబితా వచ్చింది. పైనుంచి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది. భోజనాల వేళకి సగం పని అయిపోయింది. దరఖాస్తుల కుప్ప అలాగే ఉంది.

“రెండొందల చోట్ల అప్లై చేశానన్నా, ఒక్క కాల్ రాలేదు” అని అమీర్‌పేట హాస్టళ్ళలో వినిపించే మాటకి కారణం చాలాసార్లు ఆ కుప్పే. మనం జాబ్ పోర్టల్‌ని ఖాళీల జాబితాగా చూస్తాం. చూసి, నొక్కి, ఎదురుచూస్తాం. కంపెనీల వైపు నుంచి చూస్తే అది మనుషుల జాబితా. ఆ జాబితాను తెరిచి చూడటానికి వాళ్ళు చందా కడతారు. అంటే ఈ అంగడిలో కొనుగోలుదారు కంపెనీ, అమ్మకానికి పెట్టిన సరుకు మన రెజ్యూమె. వినడానికి బాగోదు గానీ, ఉద్యోగం వెతికేవాళ్ళ దగ్గర పోర్టల్ ప్రవేశ రుసుము తీసుకోకపోవడానికి కారణం ఇదే. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే ఏం రాయాలో, ఎక్కడ నొక్కాలో, ఎవరికి డబ్బు కట్టకూడదో చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

మన దేశంలో ఈ వ్యాపారం మొదలైన తీరులోనూ అదే ఉంది. సంజీవ్ బిఖ్‌చందానీ 1997లో నౌకరీ డాట్ కామ్ పెట్టేనాటికి ఇక్కడ ఇంటర్నెట్ ఉన్నవాళ్ళే తక్కువ. ఆయన అంతకుముందు ఓ పెద్ద కంపెనీలో పనిచేసేటప్పుడు గమనించిన విషయం ఒకటుంది. ఆఫీసుకి వ్యాపార పత్రిక వస్తే తోటివాళ్ళంతా వెనక పేజీల నుంచి తిరగేసేవాళ్ళట, ఉద్యోగ ప్రకటనలు అక్కడుంటాయని. చేస్తున్న ఉద్యోగం మానే ఉద్దేశం లేనివాళ్ళు కూడా చదివేవాళ్ళు. దాంతో పత్రికల్లో వచ్చిన ప్రకటనలనే టైపు చేయించి సైట్‌లో ఎక్కించారు. జనం వచ్చారు, జనం కోసం కంపెనీలు వచ్చాయి. ఆ కంపెనీల దగ్గరే డబ్బు. ఈ సంస్థే పెళ్ళి సంబంధాలకు జీవన్‌సాథీ, ఇళ్ళూ స్థలాలకు నైంటీనైన్ ఏకర్స్ కూడా నడుపుతోంది. మూడు వ్యాపారాలకూ పునాది ఒకటే: వెతికేవాడి వివరాలు వెతికించుకునేవాడికి చూపించడం.

అయితే ఏ పోర్టలూ శాశ్వతం కాదు. అమెరికాలో 1994లో పుట్టిన మాన్‌స్టర్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద పేరు. 2001లో మన దేశానికి వచ్చింది. 2018లో ఇక్కడి శాఖని క్వెస్ సంస్థ కొనుక్కుంది, 2022లో పేరు ఫౌండిట్‌గా మారింది. అక్కడి మాన్‌స్టర్ మరో పాత పోర్టల్ కెరీర్‌బిల్డర్‌తో కలిసినా నిలదొక్కుకోలేక 2025లో దివాలా పిటిషన్ వేసింది. ఈలోగా లింక్డ్‌ఇన్, ఇండీడ్ పెరిగాయి. 2019లో వచ్చిన అప్నా లాంటి యాప్‌లు డెలివరీ, టెలికాలింగ్, దుకాణాల్లో సేల్స్ ఉద్యోగాలను ఫోన్‌లోకి తెచ్చాయి. కాబట్టి ఒకే పోర్టల్‌ను నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు. అలాగని పదింటిలో పేరు రాయించుకుని ఒక్కటీ సరిగా నింపకపోవడం అంతకన్నా దండగ. మీ రంగంలో కంపెనీలు ఎక్కడ డబ్బు కడుతున్నాయో చూసి రెండింటిని ఎంచుకుంటే సరిపోతుంది.

ముందు రాసుకున్నవాళ్ళు వెనక్కి

మన నాన్నల తరానికి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ కార్డు అంటే ఓ ఆస్తి. పదో తరగతి పాసవగానే వెళ్ళి పేరు రాయించుకోవడం, మూడేళ్ళకోసారి మర్చిపోకుండా రెన్యువల్ చేయించుకోవడం. అక్కడ సీనియారిటీ లెక్క. ముందు రాయించుకున్నవారికి ముందు ఇంటర్వ్యూ కార్డు. ఆ అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు. “ఎప్పుడో అప్‌లోడ్ చేశాను, ఏదో ఒకరోజు వస్తుందిలే” అనే ధోరణి అక్కడి నుంచి వచ్చిందే.

పోర్టల్‌లో లెక్క తిరగబడింది. ఇక్కడ నిన్న తెరిచినవాడు పైన, ఆర్నెల్ల కింద తెరిచినవాడు అడుగున. రెజ్యూమె ఎంత గొప్పదైనా, ఆర్నెల్లుగా అలికిడి లేని మనిషికి ఫోన్ చేస్తే అప్పటికే ఎక్కడో చేరిపోయి ఉంటాడని రిక్రూటర్ అనుభవం. అందుకే వెతికేటప్పుడు ఇటీవల వచ్చినవాళ్ళనే చూపించమంటుంది. దీన్ని కనిపెట్టిన మన కుర్రాళ్ళు రోజూ పొద్దున్నే లేచి రెజ్యూమె హెడ్‌లైన్ చివర చుక్క తీసేసి సేవ్ చేస్తారు, మర్నాడు చుక్క పెట్టి సేవ్ చేస్తారు. ఇందులో కొంత లాభం లేకపోలేదు. కానీ లోపలున్న మాటలే వెతికేవాళ్ళ మాటలకి దూరంగా ఉంటే, చుక్క ఎన్నిసార్లు పెట్టినా ఆ జాబితాలోకే రారు.

అసలు పని ఆ మాటల దగ్గరే ఉంది. నరసరావుపేటలో బీకామ్ చేసి, నూనె మిల్లులో నాలుగేళ్ళు లెక్కలు చూసినాయన ఉన్నాడనుకోండి. ప్రొఫైల్ పైన ‘సీకింగ్ ఎ చాలెంజింగ్ పొజిషన్ ఇన్ ఎ రెప్యూటెడ్ ఆర్గనైజేషన్’ అని రాసుకుంటాడు. ఎవరి రెజ్యూమె నుంచి దించాడో గానీ, అకౌంటెంట్ కోసం వెతికేవాళ్ళెవరూ ఆ మాటలు కొట్టరు. ట్యాలీ ప్రైమ్, జీఎస్టీఆర్-3బీ, టీడీఎస్, ఈ-వే బిల్లు, బ్యాంక్ రీకన్సిలియేషన్... ఇవి కొడతారు. ఇవన్నీ ఆయన రోజూ చేసిన పనులే. రాయలేదంతే. పరవాడ ఫార్మా సిటీలోనో పాశమైలారంలోనో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసే కెమిస్ట్ ‘ల్యాబ్ వర్క్’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ఏ హెచ్‌పీఎల్‌సీ మెషిన్ మీద చేశాడు, డిసొల్యూషన్ పరీక్షలు చేశాడా, స్టెబిలిటీ శాంపిల్స్ చూశాడా, అమెరికా ఎఫ్‌డీఏ ఆడిట్ జరిగినప్పుడు ఉన్నాడా అన్నవే అతని విలువ. అవి లేకపోతే అతను కనపడడు.

ఉద్యోగం పేరు కూడా చిక్కే. ఒకే పనిని ఒక కంపెనీ అకౌంటెంట్ అంటుంది, ఇంకోటి అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ అంటుంది, మరోటి ఫైనాన్స్ అసోసియేట్ అంటుంది. మీకు సరిపోయే ప్రకటనలు ఓ పది పక్కన పెట్టుకుని, వాటిలో మళ్ళీమళ్ళీ వస్తున్న మాటలు ఏరండి. అందులో మీరు నిజంగా చేసినవి మాత్రమే ప్రొఫైల్‌లోకి ఎక్కించండి. చెయ్యనివి ఎక్కిస్తే ఫోన్ వస్తుంది, మొదటి ప్రశ్నకే కాల్ అయిపోతుంది. ఊరి సంగతీ అంతే. కాకినాడ చిరునామా ఉండి, పని చెయ్యదలచుకున్న చోటు దగ్గర హైదరాబాద్, బెంగళూరు అని టిక్ పెట్టకపోతే, ఆ ఊళ్ళ కోసం వెతికేవాళ్ళకి మీరు లేనట్టే.

రెజ్యూమె అందం గురించి ఎక్కువ చెప్పను. తండ్రి పేరు, కులం, వైవాహిక స్థితి, కింద ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం’ అన్నవి పాత బయోడేటా అలవాట్లు, కంపెనీ ఉద్యోగానికి అక్కర్లేదు. రెండు వరుసలుగా విడగొట్టిన రంగురంగుల నమూనాలు మనిషి కంటికి బాగుంటాయి గానీ, కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేర్ వాటిని అడ్డదిడ్డంగా చదివి ఫోన్ నంబర్‌ని అనుభవం గడిలో పడేస్తుంది. ఒకే వరుసలో, మామూలు అక్షరాల్లో ఉన్న ఫైల్ మేలు. దాని పేరు ‘ఫైనల్ న్యూ 3’ కాకుండా మీ పేరైతే ఇంకా మేలు.

ఇక్కడే ‘ఏటీఎస్’ అనే భూతం గురించీ చెప్పాలి. దరఖాస్తులను భద్రపరిచే ఈ సాఫ్ట్‌వేర్ మనిషి చూడకుండానే చాలామందిని చెత్తబుట్టలో పడేస్తుందని యూట్యూబ్‌లో భయపెడుతుంటారు. ఆ భయం మీదే ‘మీ ఏటీఎస్ స్కోరు పెంచుతాం’ అంటూ వ్యాపారాలూ నడుస్తున్నాయి. ఆ స్కోరు మీరు అప్లై చేసిన కంపెనీ ఇచ్చింది కాదు, అమ్మేవాళ్ళు సొంతంగా వేసుకున్న లెక్క. నిజంగా తీసేసేవి చాలాసార్లు దరఖాస్తు చివర అడిగే చిన్న ప్రశ్నలు: నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, రాత్రి షిఫ్ట్‌కి వస్తారా, ఫలానా పనిలో ఎన్నేళ్ళ అనుభవం. రెజ్యూమె మీద వారం రోజులు కూర్చున్నవాళ్ళు ఈ గళ్ళలో హడావిడిగా సున్నా కొట్టి దాటేస్తారు. అక్కడ సున్నా ఉంటే లోపల ఎంత రాసినా ఎవరూ తెరవరు.

నొక్కే ముందు

ఒక్క నొక్కుతో అప్లై అయ్యే బటన్ వచ్చాక దరఖాస్తుకి విలువ పడిపోయింది. మీకు తేలికైంది అందరికీ తేలికే. అందుకని రోజుకి యాభై నొక్కడం కన్నా, ప్రకటన వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లో సరిపోయేవాటికి నాలుగైదు పంపడం నయం. మూడు వారాల కిందటి ప్రకటనకి పంపితే అప్పటికే ఇంటర్వ్యూలు రెండో రౌండ్‌లో ఉంటాయి. ఇందుకోసమే జాబ్ అలర్ట్‌లున్నాయి. ‘హైదరాబాద్‌లో ఉద్యోగాలు’ అని పెట్టుకుంటే మెయిల్ నిండిపోయి చూడటం మానేస్తారు. పని పేరు, ఊరు, అనుభవం అన్నీ ఇరికించి పెట్టుకుంటే రోజుకి రెండో మూడో వస్తాయి, అవి చదవొచ్చు.

కొన్ని ప్రకటనల వెనక అసలు ఉద్యోగమే ఉండదు. లోపలివాళ్ళకే ఇవ్వాలనుకున్న పోస్టుకి లాంఛనంగా వేసేవి కొన్ని. ముందుముందు పనికొస్తాయని రెజ్యూమెలు పోగెయ్యడానికి కన్సల్టెన్సీలు వేసేవి కొన్ని. నెలల తరబడి అదే ప్రకటన కొత్త తేదీతో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే, కంపెనీ పేరు బదులు ‘ప్రముఖ బహుళజాతి సంస్థ’ అని మాత్రమే ఉంటే కాస్త ఆగండి. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ తెరిచి అదే ఖాళీ అక్కడ ఉందో లేదో చూడండి. ఉంటే అక్కడే అప్లై చెయ్యండి.

ఆ తర్వాత ఇంకో అడుగు ఉంది, మనవాళ్ళు మొహమాటంతో వదిలేసేది. ఆ కంపెనీలో మీ కాలేజీవాళ్ళెవరైనా ఉన్నారేమో లింక్డ్‌ఇన్‌లో చూడటం. ఉంటే నాలుగు వాక్యాల్లో రాయండి: ఫలానా కాలేజీ, ఫలానా సంవత్సరం, మీ కంపెనీలో ఈ నంబర్ ఖాళీకి సరిపోతాననుకుంటున్నాను, రెజ్యూమె జతచేశాను, వీలైతే రిఫర్ చేస్తారా అని. ‘హాయ్ సర్, ఎనీ ఓపెనింగ్స్?’ అంటే జవాబివ్వడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. రిఫర్ చేసిన మనిషి చేరితే చాలా కంపెనీలు ఆ ఉద్యోగికి బోనస్ ఇస్తాయి. కాబట్టి మీరు అడుగుతున్నది దానం కాదు.

ఎక్కడెక్కడ అప్లై చేశారో రాసుకోండి. నోట్‌బుక్ చాలు. ఇది చెప్పడం ఎందుకంటే, కాల్ వచ్చినప్పుడు ఇలా నడుస్తుంది:

“హలో అండీ, మీరు ఫలానా కంపెనీలో ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్‌కి అప్లై చేశారు కదా?”

“ఆ... ఏ కంపెనీ అండి?”

“పేరు చెప్పాను కదండీ.”

“అవునా... ఎక్కడండి మీ ఆఫీసు?”

అవతల మనిషి మర్యాదగానే పెట్టేస్తుంది. మళ్ళీ చెయ్యదు.

జీతం గడి గురించి ఒక మాట. సీటీసీలో యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, వేరియబుల్ పే కలిసి ఉంటాయి. చేతికొచ్చేది వేరు. పాత కంపెనీలో నెలనెలా చేతికొచ్చినదాన్ని పన్నెండుతో గుణించి ‘ప్రస్తుత సీటీసీ’ అని నింపినవాళ్ళు తమ బేరం తామే తగ్గించుకుంటారు.

అనుభవం అద్దెకు

అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల, కోర్సుతోపాటు మూడేళ్ళ అనుభవాన్నీ అమ్మేవాళ్ళున్నారన్నది బహిరంగ రహస్యం. ఫ్రెషర్లకి కాల్స్ రావు, అనుభవం ఉందంటే వస్తాయి, కాబట్టి ‘ఫేక్ పెట్టు’ అంటారు. పోర్టల్ ఫిల్టర్ల లెక్క అర్థమైనవాళ్ళకి ఈ ఆశ ఎందుకు పుడుతుందో తెలుస్తుంది. మూడేళ్ళు అని కొడితే సున్నా ఏళ్ళవాడు కనపడడు మరి. కానీ 2014లో పీఎఫ్ ఖాతాలకు యూఏఎన్ వచ్చాక పరిస్థితి మారింది. ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పీఎఫ్ జమైందో ఒక్క నంబర్ కింద కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్ళు ముందు అడిగేది అదే. చేరి ఏడాదయ్యాక పట్టుబడి ఉద్యోగం పోయినవాళ్ళున్నారు, ఆ తర్వాత వెళ్ళే ప్రతి కంపెనీలోనూ ఆ ఏడాదికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఫ్రెషర్‌కి ఉన్న దారి చిన్నదే గానీ ఉంది: ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్, ఎవరో ఒకరి కోసం నిజంగా చేసిన చిన్న ప్రాజెక్టు. పోర్టల్‌లో ‘ఫ్రెషర్’ అని ఉన్న ప్రకటనలు తక్కువ కాబట్టి, వాళ్ళకి పోర్టల్ కన్నా కాలేజీ సీనియర్ల ద్వారా వచ్చే రిఫరల్స్ మీద ఆశ పెట్టుకోవడమే లెక్క ప్రకారం సరైనది.

ఎవరు డబ్బు అడిగారు?

కొనేది కంపెనీ అని మొదట్లో అనుకున్నాం. అలాంటప్పుడు ఉద్యోగం ఇస్తామని మీ దగ్గర డబ్బు అడిగేవాడు ఈ వ్యాపారం బయటివాడు. రిజిస్ట్రేషన్ అనొచ్చు, సెక్యూరిటీ డిపాజిట్ అనొచ్చు, ల్యాప్‌టాప్ పంపడానికి అడ్వాన్సు అనొచ్చు, పేరేదైనా ఒకటే. పేరున్న పోర్టళ్ళు కూడా రెజ్యూమె రాసిపెట్టడం, దరఖాస్తును పైకి చూపించడం లాంటి సేవలు అమ్ముతాయి. అవి మోసం కాదు. కొనకపోతే నష్టమూ లేదు. పోర్టల్ పేరు చెప్పి ఫోన్‌లో ‘ఇంటర్వ్యూ ఖాయం’ అంటే మాత్రం అది పోర్టల్ కాదు.

మీ నంబర్ ఈ మోసగాళ్ళకి చేరేది చాలాసార్లు రిక్రూటర్లకి తెరిచిపెట్టిన జాబితాలో మీరుండటం వల్లే. అందుకని ఉద్యోగ వేటకి వేరే మెయిల్, వీలైతే వేరే సిమ్ పెట్టుకోవడం మంచిది. రెజ్యూమెలో ఆధార్, పాన్ నంబర్లు, ఇంటి డోర్ నంబర్ రాయనక్కర్లేదు.

ఇంటి దగ్గర కూర్చుని డేటా ఎంట్రీ అనేదాంట్లో ఓ పాత మోసం ఇంకా బతికే ఉంది. మొదట డబ్బు అడగరు. ఆన్‌లైన్‌లో ఒప్పందం మీద సంతకం చేయిస్తారు, పేజీలకు పేజీలు టైప్ చేయిస్తారు. వారం తర్వాత తప్పులు ఎక్కువున్నాయంటారు, ఒప్పందం ఉల్లంఘించారు కాబట్టి ఇంత కట్టండని లాయర్ నోటీసు పంపుతారు. గృహిణులు, చదువుకునే పిల్లలు భయపడి కట్టేస్తారు. టెలిగ్రామ్‌లో రేటింగులు ఇవ్వమని మొదట నూటయాభై వేసి, తర్వాత వేలకు వేలు లాక్కునేది దీనికి తమ్ముడు. డబ్బు పోతే గంటల్లోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఆలస్యమైన కొద్దీ ఖాతాలో డబ్బు ఆపడం కష్టమవుతుంది.

విదేశీ ఉద్యోగాల దగ్గర మాత్రం డబ్బు లెక్క కొంచెం మారుతుంది. గల్ఫ్ లాంటి చోట్లకు మనుషుల్ని పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి. సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ప్రకటనలో లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు నిజమైందో కాదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, రాయచోటి, కోనసీమ పల్లెల్లో లక్షలు కట్టి విజిట్ వీసా మీద ఎక్కేవాళ్ళలో ఎంతమంది ఆ పోర్టల్ తెరిచి ఉంటారు? తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలే ఈ పని చేస్తున్నాయని తెలిసినవాళ్ళూ తక్కువే. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతంలో కుర్రాళ్ళకి ఎరగా వేసింది డేటా ఎంట్రీ ఉద్యోగాలనే. తీరా వెళ్ళాక పాస్‌పోర్టులు లాక్కుని, తోటి భారతీయులనే ఫోన్లలో మోసం చెయ్యమన్నారు. టైపింగ్ వస్తే చాలు, నెలకి డాలర్లలో జీతం, టికెట్ మేమే కొంటాం అన్న ప్రకటన కనిపించినప్పుడు ఆ పనికి వాళ్ళు ఇక్కడి మనిషినే ఎందుకు అంత దూరం తీసుకెళ్తున్నారో అడిగి చూడాలి.

సర్కారు ఉద్యోగాలది ఇంకో దారి. ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ, ఎస్ఎస్‌సీ, రైల్వే నియామకాలకు ఆయా సంస్థల సొంత సైట్లే ఆధారం. ప్రైవేటు ఉద్యోగాలకు ప్రభుత్వాలు నడిపే ఉచిత పోర్టళ్ళున్నాయి. కేంద్రానిది 2015 జులైలో మొదలైన నేషనల్ కెరీర్ సర్వీస్, తెలంగాణది డీట్. సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి వీటితో పెద్ద పని ఉండకపోవచ్చు. ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్ళు, దగ్గర్లోని ఫ్యాక్టరీలో పని చూసుకునేవాళ్ళు, జాబ్ మేళా తేదీలు తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఓసారి పేరు రాయించుకోవచ్చు.

ఉద్యోగం చేస్తూ వెతికేవాళ్ళకి ఒక హెచ్చరిక. మీ కంపెనీ హెచ్ఆర్ కూడా అదే పోర్టల్‌కి చందాదారు. ఫలానా కంపెనీలకు నా ప్రొఫైల్ చూపించొద్దు అనే సెట్టింగ్ ఉంటుంది, అందులో మీ కంపెనీ పేరు, దాని అనుబంధ సంస్థల పేర్లు చేర్చండి. అయినా మీ కంపెనీ తరఫున వెతికే కన్సల్టెన్సీ కంట పడే అవకాశం పూర్తిగా పోదు. ఆఫీసు మెయిల్‌తో ఖాతా తెరిచినవాళ్ళూ ఉన్నారు. ఉద్యోగం మానిన రోజున ఆ మెయిల్‌తోపాటు ఖాతా కూడా పోతుంది.

తొంభై రోజుల నోటీస్ పీరియడ్ ఉన్నవాళ్ళ బాధ వేరు. రాజీనామా చెయ్యనిదే ఎవరూ పిలవరు, పిలవనిదే రాజీనామాకి ధైర్యం చాలదు. మూడు నెలల జీతం పక్కన లేకుండా, చేతిలో ఆఫర్ లేకుండా రాజీనామా ఇవ్వడాన్ని నేనైతే సమర్థించను. ఒకసారి ఇచ్చాక మాత్రం ఆఖరి పనిదినం తేదీని ప్రొఫైల్‌లో ఉన్నదున్నట్టు రాయండి. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ కాల్స్ పెరుగుతాయి.

చేరిపోయాక ఆ కాల్స్ వెంటనే ఆగవు. ప్రొఫైల్‌ని కనపడకుండా పెట్టినా, అప్పటికే దించుకున్న రెజ్యూమెలు నెలల తరబడి తిరుగుతూనే ఉంటాయి. విసుక్కోకుండా “నేను చేరిపోయానండి, ఇదే పని చేసే మా ఫ్రెండ్ వెతుకుతున్నాడు, నంబర్ పంపనా?” అని అడిగి చూడండి. శుక్రవారంలోగా పదిమందిని చూపించాల్సిన రిక్రూటర్ వద్దనడం అరుదు.